దండెం కట్టిన గొట్టం

నీళ్లు దారి తప్పించి మాట్లాడతాయి.
మలికిపురంలో వెంకాయమ్మగారింట
చెమ్మ దిగింది బియ్యం డ్రమ్ము మీద.
గాలి గొట్టం ఉన్నదేమో
అక్కడికి మూడు బారల అవతల,
మరుగుదొడ్డి నెత్తిన.

"శ్లాబు కొట్టేసి మళ్లీ పోయాలంటన్నాడే సువార్తా,
అమలాపురం ఇంజినీరు" అందావిడ.
నేనేం మాట్లాడలేదు.
చెంగు బొడ్లో దోపి నిచ్చెనెక్కాను.

రాత్రి వాయుగుండం విదిలించిపోయిన
కొబ్బరి పిందెలు, విరిగిన మట్ట ఒకటి,
పిట్టగోడ వారన ఇంకా ఇంకని నీళ్లు.
మధ్యలో ఒంటికాలి మీద గొట్టం,
నెత్తిన టోపీ అయినా లేదు.
దాని మెడకి నైలాను తాడు,
తాడు మీద ఆరు తడి చీరలు,
సముద్రపు గాలి లాగినప్పుడల్లా
అది అవునవునని తలూపుతోంది.

నేను తట్టలు మోసే రోజుల్లో
ఇజ్రాయేలు మేస్త్రి అనేవాడు:
"సిమెంటుకీ ప్లాస్టిక్కుకీ పొత్తు కుదరదే పిల్లా.
రోహిణి ఎండకి ఇది సాగుద్ది, అది సాగదు.
రెంటికీ నడుమ వెంట్రుకంత సందు.
వానకి వెంట్రుక చాలు."

మోకాళ్ల మీద కూచుని
చెంబెడు నీళ్లు మొదట్లో పోశాను.
ఓ చీమ తేలుతూ తిరిగి తిరిగి
గొట్టం వారకొచ్చి
చటుక్కున కనపడకుండా పోయింది.

అప్పుడు చూశాను,
పగిలిన సిమెంటు కట్టు మీద
బొటనవేలి అచ్చు, అడ్డంగా ఓ గాటు.
నా వేలు పక్కన పెట్టి చూసుకోనక్కర్లేదు.
చేపల కత్తిపీటకి తెగిన వేలు నాదే.
పన్నెండేళ్ల కిందట
మేస్త్రి జ్వరంతో పడుకుంటే
ఆఖరి బస్సు పోతుందని
దుమ్ము ఊడవకుండా, శ్లాబు తడపకుండా
గుప్పెడు మాలు మెత్తేసి దిగిపోయాను.

ఉలి తీసుకున్నాను.
చుట్టూ రెండంగుళాలు కొట్టేసరికి
మధ్యాహ్నం, చేతుల నిండా బొబ్బలు.
పొడి ఊది, తడి గుడ్డతో తుడిచి,
గొట్టం నునుపు పోయేదాకా
గరుకు కాగితంతో రుద్ది,
జిగురు రాసి ఇసక చల్లాను,
మాలు పట్టుకోవడానికి ఓ ఊతం ఉండాలి కదా.
కుంచించుకుపోని మాలు కూరాను,
చువ్వతో పొడిచి పొడిచి.
పైన జానెడు గట్టు,
నీరు నిలవకుండా చుట్టూ వాలు.
గట్టుకీ గొట్టానికీ మధ్య మాత్రం
ఈసారి సిమెంటు కాదు,
రబ్బరులా సాగే మందు.
ఎండకి అది కదిలితే కదలనీ,
ఇదీ దాంతోపాటు కదులుద్ది.
ఆ మీద వలగుడ్డ, రెండు పూతలు,
గొట్టానికి బిగించిన గొడుగు రేకు.
నెత్తిన టోపీ పెట్టాను గానీ
మూయలేదు, ఊపిరాడాలి దానికి.

దిగొచ్చి చెప్పాను:
"తప్పు సగం నాదండి, అప్పట్లో మెత్తింది నేనే.
సగం మీ దండానిది."
ఆవిడ చాలాసేపు నవ్వింది.
తర్వాత కూలి దగ్గర
ఆ సగం గుర్తుపెట్టుకుని మరీ బేరమాడింది.
రెండొందలు తగ్గాను. మూడొందలడిగింది, అది వేరే సంగతి.

మూడు రోజులాగి
తూము మూసి బెత్తెడు నీళ్లు నిలబెట్టాం.
రాత్రి వాళ్ల వంటింట్లోనే చాపేసుకుని
టార్చిలైటు గుండెల మీద పెట్టుకుని
కప్పు కేసి చూస్తూ పడుకున్నాను.
పాత మరక ఓ చేప ఆకారంలో ఉంది.
తెల్లారేదాకా అది పెరగలేదు.

పొద్దున్నే ఆవిడ
పెరట్లో రెండు వెదుళ్లు పాతించింది చీరలకి.
బియ్యం డ్రమ్ము తెచ్చి
పాత చోటే పెట్టిద్దామా అంది.
ఇప్పుడే వద్దన్నాను.
ఆరుద్ర కార్తె వెళ్లనీండి.